ఫిట్‌మెంట్ 23 శాతం అన్నారు, మరి చేతికి ఎంత? 2022 పీఆర్సీలో ఒక స్టాఫ్ నర్సు వేసుకున్న లెక్క

నేను గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. రెగ్యులర్ పోస్టు, సీపీఎస్ (నెలనెలా జీతంలో కోతతో నడిచే పెన్షన్ పథకం). 2022 జనవరిలో కొత్త పీఆర్సీ (వేతన సవరణ) జీవోలు వచ్చినప్పుడు మా జీతం పెరిగిందో తగ్గిందో తేల్చి చెప్పగలిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరూ కనపడలేదు. టీవీలో ఒక చానల్ పెరిగిందంటే ఇంకో చానల్ తగ్గిందనేది. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తోచిన టేబుల్ వాళ్ళు పెట్టేవారు. ఇక లాభం లేదని నేనే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలు "మేడం, పీఆర్సీ వస్తే మనకి చేతికి ఎంత పెరుగుతుంది?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఐఆర్ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 11వ పీఆర్సీ 2018 జులై 1 నుంచి అమలు కావాల్సింది. కమిషన్ నివేదిక, దాని మీద నిర్ణయం ఆలస్యమవుతాయి కాబట్టి ఈలోగా 2019 జులై నుంచి 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. మేమంతా ఐఆర్ అనేది దాన్నే. ఇది బేసిక్ మీద మాత్రమే లెక్క కట్టే మొత్తం. దాని మీద డీఏ (కరువు భత్యం) రాదు, ఇంటద్దె రాదు, సీపీఎస్ కోత పడదు. రేపు రాబోయే పెరుగుదలకి ఈరోజు ఇచ్చే అడ్వాన్సు అన్నమాట. కాగితం మీద మాట అది. రెండున్నరేళ్ళు నెలనెలా ఖాతాలో పడుతుంటే ఎవరికి అడ్వాన్సులా అనిపిస్తుంది? మా ఇంట్లో హోమ్ లోన్ వాయిదా, పిల్లల స్కూలు ఫీజు అన్నీ దాన్ని కలుపుకునే నడిచాయి.

2022 జనవరి 7న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఫిట్‌మెంట్ (కొత్త బేసిక్ కట్టేటప్పుడు పాత బేసిక్ మీద కలిపే పెంపు) 23.29 శాతం అని ప్రకటించారు. జీవోలో అది 23 శాతంగా వచ్చింది. అంతకు ముందు నెలలో ప్రధాన కార్యదర్శి కమిటీ 14.29 శాతం చాలని చెప్పింది కాబట్టి, దానికంటే నయమే కదా అని కొందరన్నారు. ఇప్పటికే 27 తీసుకుంటున్నాం, 23 ఇస్తే పెంచినట్టా తుంచినట్టా అని మిగతావాళ్ళు. 17వ తేదీ రాత్రి జీవోలు బయటికొచ్చాయి. అప్పుడు ఒమిక్రాన్ కేసులు పెరుగుతున్న రోజులు. సగం మంది స్టాఫ్ పాజిటివ్‌తో ఇంట్లో, మిగిలినవాళ్ళు డబుల్ డ్యూటీల్లో. పీపీఈ కిట్ విప్పి ఫోను చూసుకుంటే ఒకదాని వెనక ఒకటి పీడీఎఫ్‌లు. అంత అలసటలో ఆ జీవో భాష చదివితే నిద్ర అయినా పట్టాలి, తలనొప్పి అయినా రావాలి. నాకు రెండోదే వచ్చింది.

మా ఆఫీసులో జీతాల బిల్లులు చేసే సీనియర్ అసిస్టెంటు గారిని పట్టుకున్నాను. ఆయన అప్పటికే రోజంతా ఇవే ప్రశ్నలు విని విసిగిపోయి ఉన్నారు. "సిస్టర్ గారూ, శాతాలు పక్కన పెట్టండి. బేసిక్ ఎంత, దానికి తగిలించేవి ఎంత, కోసేవి ఎంత, ఈ మూడే చూడండి. శాతం ఎవరి శాతమో ఎవరూ చెప్పరు" అన్నారు. ఆ చివరి మాట నాకు బాగా పట్టింది.

నా స్లిప్పులో సొసైటీ లోను, పాత అడ్వాన్సులు, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. అందుకని మా వార్డులో అప్పుడే రెగ్యులర్ పోస్టులోకి వచ్చి ఇంకా ఒక్క ఇంక్రిమెంటు కూడా పడని అమ్మాయి స్లిప్పు తీసుకున్నాను. శుభ్రమైన స్లిప్పు. స్టాఫ్ నర్సు పాత స్కేలు 25,140 తో మొదలై 73,270 దాకా ఉండేది. ఆ అమ్మాయి మొదటి మెట్టు మీద ఉంది. డిసెంబరు జీతంలో బేసిక్ 25,140. డీఏ 33.536 శాతం, అంటే 8,431. ఐఆర్ 6,788. మాది రెండు లక్షలు దాటిన జనాభా ఉన్న ఊరు కాబట్టి ఇంటద్దె 20 శాతం, 5,028. మొత్తం 45,387 రూపాయలు.

కొత్త స్కేలు 38,720 తో మొదలై 1,18,390 దాకా. మొదటిసారి చూసినప్పుడు అందరికీ కళ్ళు జిగేల్‌మన్నాయి. 25 వేల బేసిక్ 38 వేలకి ఎక్కితే సగానికి సగం పెరిగినట్టే కదా! కానీ ఆ 38,720 ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూస్తే మెరుపు తగ్గుతుంది. పాత బేసిక్ 25,140. దానికి 2018 జులై 1 నాటి డీఏ 30.392 శాతం కలుపుతారు, 7,641. అది మనం ఎప్పటినుంచో తీసుకుంటున్నదే, పేరు మార్చుకుని బేసిక్‌లోకి వెళ్ళింది. ఆ తర్వాత ఫిట్‌మెంట్ 23 శాతం, 5,782. మొత్తం 38,563. మాస్టర్ స్కేలులో, అంటే బేసిక్ మెట్లన్నీ ఉండే పట్టికలో, దానికి పైనున్న మెట్టు 38,720, అక్కడ కూర్చోబెట్టారు.

అంటే అసలు కొత్తగా చేరింది ఆ 5,782, మెట్టు సర్దుబాటులో ఇంకో నూట యాభై ఏడు. ఈ 23 శాతం పాత బేసిక్ మీద లెక్కించింది, మొత్తం జీతం మీద కాదు. డీఏ కలిసిన 32,781 మీద చూస్తే అది పద్దెనిమిది శాతం లోపే. ఇంకో పక్క ఐఆర్ 6,788 పోయింది. ఒక చేత్తో 5,782 ఇచ్చి ఇంకో చేత్తో 6,788 తీసుకుంటే వెయ్యి రూపాయలు లోటు. సంఘాల వాళ్ళు "రివర్స్ పీఆర్సీ" అని పేరు పెట్టింది దీనికే.

డీఏ దగ్గర ఇంకో తికమక వచ్చింది. పాత స్లిప్పులో 33.536 శాతం ఉన్నది కొత్త స్లిప్పులో 20.02 అయింది. "డీఏ కూడా తగ్గించేశారు" అని మా డ్యూటీ రూములో పెద్ద గొడవ. నిజానికి అందులో తగ్గింపేమీ లేదు. 2018 జులై దాకా ఉన్న డీఏ బేసిక్‌లో కలిసిపోయింది కాబట్టి ఆ తేదీ తర్వాత పెరిగినవి మాత్రమే కొత్త డీఏ కింద కనిపిస్తాయి. కేంద్రంలో డీఏ 2018 జులైలో 9 శాతం, 2021 జులైలో 31 శాతం. తేడా 22 పాయింట్లు. కేంద్రం ఒక పాయింటు పెంచితే మన కొత్త స్కేలులో 0.91 శాతం. 22 ని 0.91 తో హెచ్చిస్తే 20.02 వస్తుంది. ఈ ఒక్క లెక్క బోర్డు మీద రాసి చూపించాక ఆ గొడవ సద్దుమణిగింది. మిగతా గొడవలు మాత్రం సద్దుమణగలేదు, వాటికి కారణం ఉంది కాబట్టి.

ఆ కారణం ఇంటద్దె. 17వ తేదీ జీవోలో హెచ్‌ఆర్‌ఏ స్లాబులు మార్చేశారు. అయిదు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళకి 8 శాతం, అయిదు నుంచి యాభై లక్షల వాటికి 16, ఆ పైన 24. మా ఊరు 20 నుంచి ఒకేసారి 8 కి పడింది. బేసిక్ పెరిగింది కదా, శాతం తగ్గినా రూపాయల్లో సరిపోతుందిలే అనుకున్నవాళ్ళున్నారు. సరిపోలేదు. పాత బేసిక్ మీద 20 శాతం 5,028 అయితే, కొత్త బేసిక్ మీద 8 శాతం 3,098. ఇంటి ఓనరు మాత్రం పాత అద్దే అడుగుతాడు!

ఇప్పుడు జనవరి జీతం కూడితే బేసిక్ 38,720, డీఏ 7,752, హెచ్‌ఆర్‌ఏ 3,098. మొత్తం 49,570. డిసెంబరులో 45,387. తేడా 4,183 రూపాయలు పెరుగుదల. పెరిగిందన్నవాళ్ళు చూపించిన లెక్క ఇది. అబద్ధం కాదు, స్లిప్పులో అలాగే ఉంది.

అయితే డిసెంబరు జీతంలో డీఏ 33.536 దగ్గరే ఎందుకు ఆగి ఉంది? అది 2019 జనవరి నాటి డీఏ. ఆ తర్వాత రావాల్సిన అయిదు డీఏలు పెండింగులో పడి ఉన్నాయి. వాటన్నిటినీ జనవరి జీతంలోనే, కొత్త పీఆర్సీతో కలిపి ఇచ్చారు. పీఆర్సీ వచ్చినా రాకపోయినా అవి మాకు రావాల్సినవే. అందుకని నేను ఇంకో లెక్క వేశాను. పీఆర్సీయే లేదు, పాత స్కేలే ఉంది, పెండింగు డీఏలు మాత్రం ఇచ్చేశారనుకుందాం. పాత స్కేలులో కేంద్రం ఒక పాయింటుకి మనకి 1.048 పడుతుంది. 2019 జనవరి నుంచి 2021 జులైకి 19 పాయింట్లు. డీఏ 53.448 శాతానికి చేరుతుంది, అంటే 13,437 రూపాయలు. దానికి బేసిక్ 25,140, ఐఆర్ 6,788, హెచ్‌ఆర్‌ఏ 5,028 కలిపితే 50,393.

కొత్త జీతం 49,570. అంటే పీఆర్సీ వచ్చినందుకు ఆ అమ్మాయికి నెలకి 823 రూపాయలు నష్టం. తగ్గిందన్నవాళ్ళ లెక్క ఇది. ఇదీ అబద్ధం కాదు. ఒకళ్ళు డిసెంబరుతో పోల్చారు, ఇంకొకళ్ళు రావాల్సినదానితో పోల్చారు. నన్ను అడిగితే రెండో పోలికే న్యాయం. నాకు బాకీ ఉన్న డబ్బు తిరిగిచ్చి దాన్ని బహుమతి అంటే ఎలా ఒప్పుకుంటాం?

ఇదంతా గ్రాస్. చేతికొచ్చేది ఇంకో కథ. సీపీఎస్ ఉద్యోగికి బేసిక్, డీఏ కలిపి దాని మీద 10 శాతం కోస్తారు. ఐఆర్ మీద కోత లేదని చెప్పాను కదా. డిసెంబరులో ఆ అమ్మాయికి సీపీఎస్ కోత 3,357. జనవరిలో బేసిక్, డీఏ కలిపి 46,472 అయింది కాబట్టి కోత 4,647. వృత్తి పన్ను ఎప్పటిలాగే 200. ఈ రెండూ తీసేస్తే డిసెంబరులో 41,830, జనవరిలో 44,723. కాబట్టి 4,183 పెరిగిందన్నది చేతికి వచ్చేసరికి 2,893 అయింది. ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్సు, హెల్త్ స్కీము కోతలు ఇందులో పట్టుకోలేదు. కొత్త బేసిక్‌ని బట్టి ఏపీజీఎల్ఐ స్లాబు కూడా మారుతుంది, అది ఇంకొంత తింటుంది.

సీపీఎస్ కోత పెరగడాన్ని మా వాళ్ళు నష్టం కింద రాసుకున్నారు. దాన్ని నేను నష్టంగా చూడను. ఆ డబ్బు మన ప్రాన్ (సీపీఎస్ పెన్షన్) ఖాతాలోకే వెళ్తుంది, ప్రభుత్వం కూడా తన వాటా దానికి జోడించాలి. ఐఆర్ రూపంలో ఉన్నప్పుడు ఆ డబ్బుకి ఈ వాటా రాదు. పదవీ విరమణ నాడు చేసే లీవుల ఎన్‌క్యాష్‌మెంటు, గ్రాట్యుటీ లాంటివన్నీ బేసిక్‌ని చూసుకుని లెక్క కడతారు, ఐఆర్‌ని కాదు. ఈ మాట అంటే మా సీనియర్ హెడ్ నర్సు గారు, "నీకు సీపీఎస్ పెన్షన్ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదమ్మా" అని నవ్వారు. ఆవిడది జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), పాత పెన్షన్. ఆవిడకి అంత ధీమా ఉండొచ్చు. బేసిక్‌లో ఆరు శాతం కంటే తగ్గకుండా జీపీఎఫ్‌లో ఎంత వేసుకోవాలో వాళ్ళే నిర్ణయించుకోవచ్చు. టేక్ హోమ్ తగ్గిందనిపిస్తే అది కొంచెం తగ్గించుకోవచ్చు. మాకు ఆ వెసులుబాటు లేదు.

తర్వాత ఏం జరిగిందో అందరూ చూసిందే. ట్రెజరీ ఉద్యోగులు కొత్త స్కేలు బిల్లులు చేయబోమన్నారు. మాకు పాత జీతమే ఇవ్వండని సంఘాలు అన్నాయి. అయినా జనవరి జీతాలు కొత్త స్కేలులోనే పడ్డాయి. ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ. బస్సుల్లో, రైళ్ళలో ఆపేస్తున్నారని తెలిసి చాలామంది ముందురోజే రకరకాలుగా చేరుకున్నారు. మా ఆసుపత్రి నుంచి డ్యూటీ లేనివాళ్ళు కొందరు వెళ్ళారు. కొవిడ్ వార్డు వదిలి రాలేనివాళ్ళం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పనిచేశాం. పేషెంట్ అటెండెంట్లు ఆ బ్యాడ్జీ చూసి ఎవరో పోయారనుకుని పలకరించేవాళ్ళు! 6వ తేదీ అర్ధరాత్రి నుంచి సమ్మె అని నోటీసు ఉంది. 5వ తేదీ రాత్రి మంత్రుల కమిటీతో చర్చలు తేలాయి. ఉపాధ్యాయ సంఘాలు కొన్ని ఒప్పుకోలేదు కానీ సమ్మె ఆగింది.

ఒప్పందంలో ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. అది కదల్లేదని చాలామందికి కోపం. మారినవి వేరే ఉన్నాయి. 2019 జులై నుంచి 2020 మార్చి దాకా తొమ్మిది నెలల ఐఆర్‌ని బకాయిల్లో సర్దుబాటు చేస్తామన్నది వదులుకున్నారు. పదేళ్ళకోసారి అన్న మాట పోయి అయిదేళ్ళ పీఆర్సీ మళ్ళీ వచ్చింది. హెచ్‌ఆర్‌ఏ స్లాబులు మళ్ళీ రాశారు. యాభై వేల లోపు జనాభాకి 10 శాతం, యాభై వేల నుంచి రెండు లక్షలకి 12, రెండు నుంచి యాభై లక్షలకి 16, ఆ పైన 24. ఒక్కోదానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది కానీ మా ఇద్దరి బేసిక్‌లకి అది అడ్డు రాదు.

మా ఊరు 8 నుంచి 16 కి వచ్చింది. ఆ అమ్మాయి ఇంటద్దె 3,098 నుంచి 6,195. మొత్తం జీతం 52,667. సీపీఎస్, వృత్తి పన్ను పోగా 47,820. పీఆర్సీ లేకుండా పాత స్కేలే సాగి ఉంటే ఇదే పద్ధతిలో చేతికి 46,335 వచ్చేది. కాబట్టి ఇన్ని నెలల హడావిడి తర్వాత ఆ అమ్మాయి చేతికి నిజంగా పెరిగింది నెలకి 1,485 రూపాయలు. నాది నాలుగైదు మెట్లు పైన కాబట్టి ఇంకొంచెం ఎక్కువ, కానీ తీరు అదే.

మార్చిలో ఈ 11వ పీఆర్సీ కమిషన్, అంటే అశుతోష్ మిశ్రా కమిషన్, నివేదిక బయటపెట్టారు. అందులో ఫిట్‌మెంట్ 27 శాతం అని ఉంది. చూశారా, నాలుగు శాతం మింగేశారు అని మళ్ళీ గ్రూపులన్నీ మోగిపోయాయి. నేను ఆ 27 పెట్టి కూడా లెక్క వేశాను. 25,140 కి 7,641, 6,788 కలిపితే 39,569. పైనున్న మెట్టు 39,800. అంటే ఆ అమ్మాయికి 23 కీ 27 కీ మధ్య తేడా సరిగ్గా ఒక ఇంక్రిమెంటు, 1,080 రూపాయలు. దాని మీద డీఏ, ఇంటద్దె కలుపుకుంటే 1,469. ఇంటద్దె 8 నుంచి 16 కి పెరిగినందుకు వచ్చింది మాత్రం 3,097. ఆ నెల జీతం వరకు చూస్తే ఫిట్‌మెంట్ కంటే ఇంటద్దె రెండింతల పని చేసింది. టీవీ చర్చల్లో మాత్రం ఫిట్‌మెంట్ గురించి గంట మాట్లాడితే హెచ్‌ఆర్‌ఏ గురించి అయిదు నిమిషాలు. అలాగని ఫిట్‌మెంట్ చిన్నదని కాదు. అది బేసిక్‌లో కూర్చుని సర్వీసు మొత్తం వెంట వస్తుంది, ప్రతి డీఏ దాని మీదే పెరుగుతుంది. ఇంటద్దె ఊరు మారితే మారిపోతుంది, క్వార్టర్స్ ఇస్తే అసలు ఉండదు.

వరంగల్‌లో మా పిన్ని కూతురు కూడా స్టాఫ్ నర్సే. వాళ్ళకి 2021 మార్చిలో అసెంబ్లీలో కేసీఆర్ 30 శాతం ప్రకటించారు. అక్కడి కమిషన్ సిఫార్సు చేసింది ఏడున్నర శాతమే. "అక్కా, మాకు 30 వచ్చింది, మీకు 23 ఏంటి?" అని అది ఫోన్లో ఆటపట్టించేది. వాళ్ళకి అంతకు ముందు ఐఆర్ లేదు, కాబట్టి వచ్చిన ముప్ఫై మొత్తం కొత్తగా కళ్ళకి కనపడింది. మాకు 27 ముందే తినేసి ఉన్నాం. దానికి ఇది చెబితే, "అంటే రెండేళ్ళు ముందు నుంచి మీరే లాభపడ్డారు కదా" అంది. అదీ నిజమే. ఆ రెండున్నరేళ్ళ ఐఆర్‌ని ఈ లెక్కలో మా వైపు ఎవరూ వేసుకోలేదు, నేను కూడా మా సంఘం మీటింగులో ఎత్తలేదు. ఎత్తితే బతకనిచ్చేవారా!

మాతో పాటు అదే వార్డులో, అదే నైట్ డ్యూటీ చేసే కాంట్రాక్టు సిస్టర్స్‌కి ఈ గొడవలో సగం వర్తించదు. వాళ్ళకి మినిమం టైం స్కేలు, అంటే స్కేలులో మొదటి మెట్టు బేసిక్ మాత్రమే. డీఏ లేదు, ఇంటద్దె లేదు. కాబట్టి హెచ్‌ఆర్‌ఏ 8 అయినా 16 అయినా వాళ్ళకి ఒకటే. డీఏ బేసిక్‌లో కలవడం మాత్రం వాళ్ళకి పెద్ద మేలు. మాకు పేరు మారిన పాత డబ్బు వాళ్ళకి కొత్త డబ్బు అవుతుంది. మేం తిట్టుకున్న పీఆర్సీయే శాతంలో చూస్తే వాళ్ళకి ఎక్కువ ఇచ్చింది. ఏజెన్సీ నుంచి వచ్చే అవుట్‌సోర్సింగ్ వాళ్ళకి ఇదీ లేదు, వాళ్ళది వేరే నిర్ణీత మొత్తం.

కాగితాల పని గురించి కొంచెం. 2018 కి ముందు నుంచి సర్వీసులో ఉన్నవాళ్ళు కొత్త స్కేలు 2018 జులై 1 నుంచి కావాలా, ఆ తర్వాత వచ్చే ఇంక్రిమెంటు తేదీ నుంచి కావాలా అని అప్పుడు ఆప్షన్ ఇవ్వాల్సి వచ్చింది. చాలామంది చదవకుండా సంతకం పెట్టేస్తారు. రెండు రకాలుగానూ ఫిక్సేషన్ (కొత్త బేసిక్ లెక్క) వేయించి చూసుకోవాలి. ఒక్కోసారి ఇంక్రిమెంటు తీసుకున్నాక మారితే పై మెట్టు దొరుకుతుంది, అది సర్వీసంతా ఉంటుంది. నాకు రెండు విధాలా ఒకే మెట్టు వచ్చింది, మా హెడ్ నర్సు గారికి మాత్రం తేడా వచ్చింది. ఫిక్సేషన్ అయ్యాక ఎస్ఆర్‌లో (సర్వీసు రిజిస్టరులో) ఎంట్రీ పడిందో లేదో కళ్ళారా చూసుకోవాలి. సీఎఫ్ఎంఎస్‌లో (జీతాల ఆన్‌లైన్ వ్యవస్థలో) జీతం సరిగ్గా పడుతోంది కదా అని ఊరుకున్నవాళ్ళు బదిలీ అయ్యాక కొత్త చోట ఎస్ఆర్ తెరిస్తే పాత బేసిక్కే ఉండటం నేను చూశాను.

బకాయిలు ఒకేసారి పడితే ఆ ఏడాది ఆదాయం ఎక్కువై పన్ను పడుతుంది. పాత సంవత్సరాలకి సంబంధించిన అరియర్స్ అయితే అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89 కింద రిలీఫ్ ఉండేది. దానికి ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో, రిటర్న్ వేసే ముందే దాఖలు చేయాల్సి ఉండేది. రిటర్న్‌లో రిలీఫ్ చూపించి ఫారం మర్చిపోతే నోటీసు వచ్చేది. డీఏ అరియర్స్ జీపీఎఫ్ వాళ్ళకి వాళ్ళ జీపీఎఫ్ ఖాతాలోకి వెళ్తాయి, సీపీఎస్ వాళ్ళకి పది శాతం ప్రాన్‌కి పోయి మిగతా తొంభై నగదుగా రావాలి. ఎప్పుడొస్తాయి అన్నది మాత్రం ట్రెజరీ దయ.

ఆ ఏడాది జూన్ బదిలీల్లో మా జూనియర్ అమ్మాయికి సొంతూరి దగ్గర కమ్యూనిటీ హెల్త్ సెంటర్ దొరికింది. సంతోషంగా వెళ్ళింది. మొదటి జీతం పడగానే ఫోను చేసింది. "మేడం, రెండు వేలకి పైనే తక్కువ పడింది, బిల్లు తప్పు చేశారేమో, ఎవరిని అడగాలి?" అని. ఇంటద్దె లైను చదవమన్నాను. 10 శాతం ఉంది. ఆ ఊరి జనాభా యాభై వేలు ఉండదు మరి. "అయితే ఇంక అంతేనా?" అంది. అంతేనమ్మా, అమ్మావాళ్ళ ఇంట్లోనే ఉంటున్నావు కాబట్టి అద్దె కట్టే పని లేదుగా అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అయినా మేడం, తగ్గింది తగ్గిందే కదా" అంది.